మోటారు సైకిలు విప్పిన రైతుబిడ్డ – జి.డి. నాయుడు

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నాయుడుగారంటే ఊరికి పెద్దమనిషి. అందుచేత జి.డి. నాయుడు అనే పేరు చెవిని పడగానే ఆయన ఏ పాలకొండ వైపు వారో, బొబ్బిలి వైపు వారో అని మనవాళ్ళు అనుకుంటే తప్పులేదు. ఈయన మాత్రం కోయంబత్తూరు నాయుడు. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత నాయక రాజుల కాలంలోనూ తెలుగు నేల విడిచి దక్షిణాదికి వెళ్ళి, అక్కడి నల్లరేగడిలో పత్తి పండించుకుంటూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. అటువంటి ఒక రైతు ఇంట్లో, కలంగల్ అనే పల్లెలో, 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు పుట్టారు. భారతదేశపు ఎడిసన్ అని ఆయనకి ఒక బిరుదు ఉంది. ఆ బిరుదు సంగతి అలా ఉంచి, మన వయసులో ఆయన కొన్న ఒక పాత బండి సంగతీ, అరవయ్యో పడి దగ్గరపడ్డాక ఆయన తయారుచేసిన ఒక చవక కారు సంగతీ చెప్పాలని నా కోరిక.

బడి ఆయనకి పొసగలేదు. మాస్టారి కళ్ళల్లో ఇసక కొట్టి పరుగు లంకించుకునేవాడని చెప్పుకుంటారు. ప్రాథమిక చదువుతోనే బడికి నీళ్ళొదిలేస్తే, తండ్రి పొలం పనికి పెట్టారు. అక్కడే, పొలంలోనే, చేతికందిన తమిళ పుస్తకాలన్నీ తనంతట తాను చదువుకున్నాడు. పుస్తకం మీద కోపం లేదన్న మాట, బడి మీదే.

అలాంటి రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద ఆ పక్కకి వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి పరిగెడుతోంది! ఆ కాలంలో పల్లెటూరి కుర్రవాడికి అది ఎలాంటి వింతో ఈ రోజు మనం ఊహించలేం. చూసినవాళ్ళంతా నోరు తెరుచుకు చూసి ఎవరి పనికి వాళ్ళు పోయి ఉంటారు. ఈ కుర్రవాడికి మాత్రం అది పట్టుకుంది. ఆ బండి తనకి కావాలి. కొత్తది ఇంగ్లండు నుంచి తెప్పించుకునే తాహతు లేదు. కాబట్టి ఆ దొర దగ్గరున్న పాతదే కావాలి.

ఆ బండి 1912 నాటి రడ్జ్. ఇంగ్లండులో కోవెంట్రీ ఊళ్ళో సైకిళ్ళు చేసే కంపెనీ వాళ్ళు అప్పుడప్పుడే మోటారు సైకిళ్ళలో దిగారు. ఒకే సిలిండరు, వెనక చక్రానికి గొలుసుకి బదులు బెల్టు. ఇప్పుడు చూస్తే సైకిలుకి ఇంజను కట్టినట్టు ఉంటుంది గాని, ఆ రోజుల్లో అది పందెపు గుర్రం. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో జరిగే టి.టి. పందెంలో 1914లో సీనియర్ విభాగం గెలిచిన సిరిల్ పుల్లిన్ ఎక్కింది రడ్జ్ బండే. కలంగల్ కుర్రవాడు ఆశపడ్డది అలాంటి సరుకు మీద!

ఆశపడి ఊరుకోలేదు. ఇల్లు విడిచి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. ఎంగిలి బల్లలు తుడిచే పని. మూడేళ్ళు కూడబెట్టి మూడు వందల రూపాయలు చేసి ఆ బండి కొన్నాడని చెబుతారు. మూడేళ్ళంటే ముప్పై ఆరు నెలలు. లెక్కగడితే నెలకి ఎనిమిది రూపాయల అయిదణాల చిల్లర. హోటలు సర్వరు జీతంలోంచి నెలనెలా అంత పక్కకి పెట్టాలంటే తిండి, బట్ట ఏ మాత్రం చూసుకుని ఉంటాడో మరి. పొలం అమ్మించలేదు, తండ్రి మీద పడలేదు, వడ్డీకి తేలేదు. ఈ మూడూ లేకుండా మన ఊళ్ళల్లో బండి కొన్న కుర్రాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

కొన్నాక చేసిన పని ఇంకా విచిత్రం. ఊరేగడానికి బదులు దాన్ని విప్పేశారు. నట్టు నట్టూ ఊడదీసి, ఏది దేనికి ఆనుకుంటుందో, ఏది ఏ వైపు తిరుగుతుందో చూసి, మళ్ళీ బిగించారు. మన ఫిజిక్సు పుస్తకంలో నాలుగు స్ట్రోకుల ఇంజను బొమ్మ ఉంటుంది. పరీక్షకి పెన్సిలుతో గీసి మార్కులు తెచ్చుకుంటాం. పిస్టను పట్టుకు చూసినవాళ్ళు క్లాసులో ఎందరు? వ్యవసాయం ఇళ్ళ పిల్లలకి కాస్త నయం. కోతలప్పుడో, నాట్లప్పుడో ఆయిలింజను మొరాయిస్తే నాన్నకి పానాలు అందిస్తూ ఆ లోపలి నలుపు కొంచెం చూసి ఉంటాం. నాయుడుగారికి పుస్తకంలో బొమ్మా లేదు, చెప్పే మాస్టారూ లేడు. ఆ పాత రడ్జే ఆయనకి కాలేజీ. మూడు వందలు దాని ఫీజు.

ఇక్కడ ఒక్క మాట పక్కకి వెళ్ళి చెప్పాలి. ఇప్పుడు మన హాస్టళ్ళలో సగం కబుర్లు పాత బండ్ల మీదే. ఫోను తెరిస్తే చాలు, 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్.ఎక్స్. 100 నుంచి 2022లో ఆగిపోయిన పోలో కార్ల దాకా కళ్ళ ముందు వరసగా నిలబడతాయి. జోరుగా పోయే బండి, కొత్తదాని ధరలో సగానికీ, పావుకీ. ఎవడికి ఆశ పుట్టదు? కాని సగం ధర బండికి మరమ్మతు ఖర్చు సగం కాదు. టైర్లు, క్లచ్చి కొత్త బండికి ఎంతో పాతదానికీ అంతే. సామాను విశాఖపట్నంలోనూ దొరక్క హైదరాబాదు నుంచి రప్పించుకుంటే ఇంకా పైన. ఇంజను వేడెక్కించి ఉంచి చూపించే వాడి దగ్గర కొనకూడదని, పొద్దుటే చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి మనమే స్టార్టు చేసి చూడాలని, ఛాసిస్ నంబరూ ఆర్.సి. నంబరూ ఒకటేనా కాదా, ఫైనాన్సు బాకీ తీరిందా లేదా చూసుకోవాలని షెడ్డు మెకానిక్కులు ఎవరైనా చెబుతారు. ఇవన్నీ సరిగ్గా చూసుకున్నా, విప్పడం రానివాడికి పాత బండి ఎప్పుడూ ఖరీదైనదే. నాయుడుగారికి చవక పడిందంటే ధర తగ్గి కాదు, రెండోవాడి చేతికి ఇవ్వనక్కరలేకుండా తానే నేర్చుకోబట్టి.

ఆ తరువాతి కథ తొందరగా చెప్పేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి గింజ తీసే వ్యాపారం పెట్టి బాగా సంపాదించారు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి పత్తి బేరాల్లో దిగి, ఉన్నదంతా పోగొట్టుకున్నారు. మళ్ళీ మొదటికి వచ్చి, రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి – పళని మధ్య తానే డ్రైవరుగా నడిపారు. చెడిపోతే రోడ్డు పక్కన తానే బాగుచేసుకోగల డ్రైవరు! రడ్జ్ మీద పెట్టిన మూడు వందలు వడ్డీతో సహా తిరిగి వచ్చింది అక్కడే అని నా అభిప్రాయం. ఆ ఒక్క బస్సే కొన్నేళ్ళకి యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే పెద్ద సంస్థ అయింది.

ఆయన కనిపెట్టిన వస్తువుల జాబితా చాలా పెద్దది. బ్యాటరీతో నడిచే రేజరు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంఖా, ఓట్లు నమోదుచేసే యంత్రం వగైరా. 1941లో అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకి చేసి ఇవ్వగలనన్నారు. వీటిలో మన జిల్లాలకి నేరుగా తగిలేది ఒకటుంది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి, పీలమేడులోని తమ నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ కర్మాగారంలో విద్యుత్తు మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారు అదేనంటారు. ఆ తరువాత కోయంబత్తూరు దేశానికంతకీ పంపుసెట్ల ఊరయింది. నాగావళి ఒడ్డునో, చంపావతి ఒడ్డునో బోరు దగ్గర మోటారు మీది రేకు చదివి చూడండి, ఆ ఊరి పేరు కనబడినా కనబడవచ్చు.

చదువు విషయంలో ఆయనతో నాకు కొంచెం పేచీ ఉంది. ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్కూ, ఇంజనీరింగు కాలేజీ ఏర్పడడానికి విరాళాలిచ్చి, 1945 ప్రాంతంలో స్వయంగా ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చున్నారు. నాలుగేళ్ళ కోర్సు కాలం దండగ, రెండేళ్ళు చాలునని వాదించారు. సర్కారు ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా ఇచ్చేశారు. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. రడ్జ్ విప్పి నేర్చుకున్న మనిషికి నాలుగేళ్ళు ఎక్కువ అనిపించడం సహజమే. అయితే అందరూ నాయుళ్ళు కారు. థర్మోడైనమిక్సు లేకుండా ఇంజను బాగుచేయవచ్చు గాని, ఇంకా మంచి ఇంజను గీయడం కష్టం. మా లెక్చరర్లు ఈ వాక్యం చదివి సంతోషిస్తారని ఆశ.

ఇక 1952 సంగతి. ఆ ఏడు ఆయన కర్మాగారం నుంచి రెండు సీట్ల పెట్రోలు కారు బయటికి వచ్చింది. ధర రెండు వేల రూపాయలు. ఆనాటి కార్ల ధరలతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు తక్కువ. కూలికి అందేది కాదు, నిజమే. కాని ఒక డాక్టరో, హైస్కూలు మాస్టారో, రెండు పంటలు పండే రైతో ఆశపడగలిగే ధర. మూడు వందల పాత బండికోసం మూడేళ్ళు బల్లలు తుడిచిన మనిషి, తనలాంటి వాళ్ళ చేతికి అందేలా కొత్త బండి తయారుచేశారన్న మాట. అది రోడ్డెక్కలేదు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది.

ఎందుకివ్వలేదు? పరిశ్రమల నియంత్రణ చట్టం 1951లో వచ్చి 1952లో అమలులోకి దిగింది. ఏ కర్మాగారం ఏం చేయాలో, ఎంత చేయాలో ఢిల్లీలో నిర్ణయం. విదేశీ మారకం కరువు, ఉక్కు కరువు. ఉన్న కాస్తా డాములకీ, రైళ్ళకీ, బస్సులకీ పోవాలనే వాదనలో న్యాయం లేకపోలేదు. కారు ఎక్కేవాళ్ళు దేశంలో ఎందరు గనక? విదేశీ భాగాలు తెచ్చి బిగించే జనరల్ మోటార్స్ లాంటి కంపెనీ కూడా 1954లో బొంబాయి షాపు మూసుకుని పోయింది. అంతా ఒప్పుకుంటాను. కాని ఈయన అడిగింది విదేశీ కారుకి అనుమతి కాదు కదా! దీని ఫలితం తరువాతి ముప్పై ఏళ్ళూ జనం అనుభవించారు. రెండు మూడు రకాల కార్లు, వాటికోసం ఏళ్ళ తరబడి నిరీక్షణ, అందువల్ల పాత అంబాసిడరుకీ, పాత ఫియట్‌కీ విపరీతమైన గిరాకీ. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. లక్ష రూపాయల కారు అని నానోని చూపించింది 2008లో.

అదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరింగు విద్యార్థి లండను యూనివర్సిటీ కాలేజీలో చదువుకుంటూ చేతిఖర్చులకి పాత కార్లు కొని అమ్మేవాడు. 1947లో అక్కడ పెట్రోలు రేషను ఎత్తేసేసరికి బేరాలు పడిపోయి, ఒక పాత ఆస్టిన్ సెవెన్ చేతిలో మిగిలిపోయింది. అమ్ముడుపోని ఆ బండినే విప్పి, పైతొడుగు మార్చి, 1948లో పందెపు కారుగా చేశాడు. లోటస్ కంపెనీకి అదే మొదటి బండి. 1957లో లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల కారుని విడిభాగాలుగా అమ్మితే, కొన్నవాళ్ళు ఇంటి దగ్గర బిగించుకుని కొనుగోలు పన్ను తప్పించుకున్నారు. డబ్బు తక్కువున్న కుర్రాళ్ళకి స్పోర్ట్సు కారు అలా అందింది. పాత బండి విప్పడంలో కలంగల్ కుర్రవాడూ, లండను కుర్రవాడూ ఒకటే. బిగించాక అమ్మనిచ్చారా లేదా అన్న దగ్గరే తేడా.

కోయంబత్తూరు మాత్రం వాహనాల పిచ్చి వదులుకోలేదు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్, ఆయనా అక్కడి నాయుడే, 1980లలో మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే చవక రేసు కారు తయారుచేశారు. కొత్త కుర్రాళ్ళు ఎందరో దాంట్లోనే పందేలు నేర్చుకున్నారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆ ఊరి దగ్గరి కారి స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది.

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. అవినాశి రోడ్డులో ఆయన సేకరణలతో మ్యూజియం ఉంది, 2015లో పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద పది కిలోమీటర్ల ఫ్లైఓవరు కట్టి ఆయన పేరు పెట్టారు. మన పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా పోయే అలెప్పీ రైలు అటువైపే వెళ్తుంది. సెలవుల్లో నలుగురం కలిసి వెళ్ళేటట్టయితే నేను సిద్ధం, టిక్కెట్టు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి.