ప్రకాశం పంతులుగారి లండను ప్రయాణం

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారనగానే 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు మద్రాసు వీధిలో తుపాకులకెదురుగా రొమ్ము చూపిన మూర్తి మన కన్నుల ముందు నిలుస్తుంది. ఆ ఘట్టం పాఠ్యపుస్తకాలలో ఉన్నదే గనుక దానిని ఇక్కడ మరల చెప్పబోము. అంతకు ఇరువది నాలుగేండ్ల ముందు, రాజమహేంద్రవరంలో స్థిరపడిన ఒక వకీలుగా ఆయన తలపెట్టిన ఓడ ప్రయాణాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాము. పై చదువులకై విదేశాలకు దరఖాస్తులు పంపుకొనే నేటి విద్యార్థులకు అది తెలియదగిన ముచ్చట.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదునొకండవ ఏట తండ్రి గతించారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పోషించారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఈ బాలుని చేరదీసి, తాను రాజమహేంద్రవరం వచ్చినపుడు వెంట తీసుకొనివచ్చారు. గోదావరి గట్టున చదువు ఎంత సాగిందో నాటకాలూ అంతే సాగాయి. పిదప మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరంలో పేరు, ధనం గడించి, పురపాలక సంఘాధ్యక్షుడు కూడా అయ్యారు. గురువు వెంట వచ్చిన పేద బాలుడు అదే పట్టణానికి పెద్దయినాడు.

ఇంతటివానికి సీమకు పోవలసిన పనియేమి? ఆ రెండవ తరగతి అన్న మాటలోనే జవాబున్నది. ఆ పట్టా గలవారు క్రింది కోర్టులలో ఎంత ఘనులైనా హైకోర్టులో నిలిచి వాదించే అధికారం లేదు. ఇక్కడ తాము గెలిచిన వ్యాజ్యం అప్పీలుకు పోతే మద్రాసులో మరియొకరి చేతిలో పెట్టవలసినదే. పని మీద మద్రాసు వెళ్ళినపుడు ఒక బారిస్టరు ఈయన ప్రజ్ఞను చూచి, నీవూ బారిస్టరువు కారాదా అని సలహా యిచ్చారట. బారిస్టరు పట్టా ఇంటి వద్ద కూర్చుండి పొందదగినది కాదు. థేమ్సు నదీతీరాన, నాటి ప్రపంచపు మహా రేవులలో ఒకటైన లండను నగరంలోనే దానిని సంపాదించాలి.

మన డెల్టావారికి సముద్రం కొత్త కాదు. 1839 తుపానుకు దెబ్బతినకముందు కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. కాకినాడ నుండి కూలివాండ్రు వేలకొలదిగా రంగూనుకు పోయి వచ్చేవారు. వారిని ఏ శాస్త్రమూ అడ్డగించలేదు! బ్రాహ్మణ గృహస్థు సీమకు పోతాననేసరికి మాత్రం సముద్రయానం, ప్రాయశ్చిత్తం అన్న మాటలు పుట్టుకొచ్చేవి. సంపాదన నిలిపివేసి మూడేండ్లు పరదేశంలో ఉండటం మరియొక చిక్కు. అప్పటికాయనకు ముప్పది దాటినవి, వెనుక సంసారమున్నది.

తల్లికి మాంసము, మద్యము, పొగాకు ముట్టనని మాట యిచ్చి ఆయన 1904లో బయలుదేరారు. పదునారేండ్ల ముందు గాంధీజీ కూడా తల్లికి ఇటువంటి మాట ఇచ్చియే వెళ్ళినారు. ఈ మాట నిలుపుకొనటం తేలిక కాదు. ఎందుకనగా బారిస్టరు కాగోరువాడు పరీక్షలలో నెగ్గితే చాలదు. తాను చేరిన న్యాయవిద్యాలయంలో పన్నెండు టరములు నియమిత సంఖ్యలో విందులకు కూర్చుండాలి. ఆ బల్లల మీద ఉండేవి మాంసమూ, ద్రాక్షసారాయమూను. పూటకూళ్ళమ్మగారి కుమారునికి అన్నం కోసమే చిక్కు వచ్చిపడిందన్నమాట.

ఈ దారి ఆయనకు ముందే కొందరు తొక్కినదే. సర్ సయ్యద్ అహమ్మద్‌ఖాన్‌గారు సూయజు కాలువ తెరువకముందే, 1869లో, ఈజిప్టును రైలుపై దాటి లండను చేరారు. అక్కడి విద్యాసంస్థలను చూచి వచ్చి అలీగఢ్‌లో కళాశాల నెలకొల్పారు. బద్రుద్దీన్ త్యాబ్జీగారు అక్కడ బారిస్టరై, 1867 నుండి బొంబాయి హైకోర్టులో వాదించి, 1887లో మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. ఆయన 1906లో లండనులోనే కన్నుమూసిన నాటికి ప్రకాశంగారు ఆ నగరంలోనే విద్యార్థి.

పుస్తకాలతోనే ఆయన కాలం గడువలేదు. 1892లో పార్లమెంటుకు ఎన్నికైన దాదాభాయి నౌరోజీగారు 1906లో మరల పోటీ చేసినపుడు ఆయన పక్షాన ప్రకాశంగారు పనిచేశారు. దాదాభాయి ఓడిపోయారు. కాని పాలకుల ఊరిలోనే పాలకుల ఓటు అడుగుతూ తిరిగిన ఆ అనుభవం, మా దృష్టిలో, పట్టాకు తీసిపోయినది కాదు.

1907లో యోగ్యతాపత్రంతో తిరిగివచ్చి, ఏ హైకోర్టు వాకిలి తనకు మూయబడి ఉన్నదో ఆ హైకోర్టులోనే ఆయన వృత్తి ఆరంభించారు. ఆ యేడే బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ఉపన్యసించినపుడు, అధ్యక్షతకు పెద్దలు జంకుతుండగా తాము కూర్చున్నారు. వృత్తిలో ఆర్జన విస్తారం. మూడేండ్ల ప్రవాసంతో సాధించిన ఆ గౌనును 1921లో స్వరాజ్యోద్యమం కోసం విడిచిపెట్టి, స్వరాజ్య పత్రికను స్థాపించారు. కూడబెట్టిన సొమ్మును చాలవరకు ఆ పత్రికే మ్రింగివేసింది. 1946లో మద్రాసు రాష్ట్రానికి, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న హైదరాబాదులో కాలధర్మం చెందేనాటికి ఆయన వద్ద చెప్పుకోదగిన ఆస్తి ఏదీ మిగిలి లేదు.