ఒక్క గోలు తేడాతో గెలిపించిన గురువు

81లోంచి 22 తీసేస్తే 59. 78లోంచి 20 తీసేస్తే 58. మూడో తరగతి పిల్లలు పలక మీద చేసే తీసివేత లెక్క ఇది. 1959 మార్చి 22న పోర్చుగల్ దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఎవరిదో తేల్చింది ఈ లెక్కే. పోర్టో, బెన్‌ఫికా జట్లు రెండూ ఆ సీజన్‌లో 26 మ్యాచ్‌లు ఆడి, చెరి 41 పాయింట్లతో సమానంగా నిలిచాయి. చేసిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసి చూస్తే, పోర్టో ఒక్క గోలు ముందుంది. ఆ జట్టును అక్కడిదాకా నడిపించిన శిక్షకుడు బేలా గుట్‌మన్. హంగేరీ దేశస్థుడు. పోర్చుగల్‌లో అడుగుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

మన బడుల్లో బంతి తన్నే పిల్లలకు రొనాల్డో పేరు చెప్పనక్కర్లేదు. ఆ రొనాల్డో పుట్టిన దేశంలో ఆటను ఒక మెట్టు పైకి ఎక్కించిన ఈ పరదేశి పేరు మాత్రం అంతగా వినిపించదు. ఆయన జీవితం పిల్లలకన్నా ముందు పిల్లల్ని తీర్చిదిద్దే పనిలో ఉన్న మనం, అంటే తల్లిదండ్రులం, టీచర్లం తెలుసుకోదగ్గదని మాకు అనిపిస్తుంది.

సొంతంగా కట్టుకున్న క్లబ్

గుట్‌మన్ 1899లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ డ్యాన్స్ నేర్పేవారు. పదహారేళ్లకే ఆయనా డ్యాన్స్ టీచర్‌గా అర్హత సంపాదించారు. కానీ మనసు మైదానం మీదే ఉండేది. కొద్ది కాలంలోనే బుడాపెస్ట్‌లో పేరున్న ఎం.టి.కె. జట్టులో చేరారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక హంగేరీలో యూదుల మీద ద్వేషం పెరిగింది. విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెడుతూ 1920లో ఏకంగా చట్టమే తెచ్చారు. గుట్‌మన్ ఊరు విడిచి ఆస్ట్రియా రాజధాని వియన్నా చేరారు. అక్కడ హకోవా అనే క్లబ్ ఉండేది. ఆ హీబ్రూ మాటకు బలం అని అర్థం. యూదులను చాలా క్లబ్‌లు దగ్గరికి రానివ్వని రోజుల్లో, 1909లో, వాళ్లు సొంతంగా పెట్టుకున్న సంస్థ అది. 1923లో ఆ జట్టు లండన్ వెళ్లి వెస్ట్ హామ్‌ను 5-0తో ఓడించింది. 1925లో ఆస్ట్రియా లీగ్ విజేత అయింది. రెండుసార్లూ గుట్‌మన్ ఆ జట్టు మనిషే.

వాళ్ల కష్టాలు వేరు, మన పరిస్థితి వేరు. రెంటినీ ఒకే గాటన కట్టలేం. కానీ, తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు తమ కోసం పెట్టుకున్న సంస్థ రెండో రకంగానే ఉంటుందన్న అపోహ మన తల్లిదండ్రుల్లోనూ కొందరికి ఉంది. హకోవా పిల్లల్ని పోగేసి సరిపెట్టుకోలేదు. మంచి ఆటగాళ్లను రప్పించింది, దేశంలోని మిగతా జట్లతో సమానంగా పోటీకి దిగింది.

ఎదురు చెప్పే గుణం గుట్‌మన్‌కు మొదటి నుంచీ ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హంగేరీ జట్టుకు ఇచ్చిన బసలో ఎలుకల బెడద ఉండేది. ఆటగాళ్ల సౌకర్యం పట్టించుకోని అధికారులే ఆ జట్టులో ఎక్కువ. చచ్చిన ఎలుకలను ఆ అధికారుల గది తలుపులకు వేలాడదీశారాయన. 1926లో హకోవాతో అమెరికా పర్యటనకు వెళ్లి, తర్వాత న్యూయార్క్‌లోనే ఉండి ఆడారు. బాగానే సంపాదించారు. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలినప్పుడు అదంతా పోయింది. ఆటగాడిగా దశ ముగిశాక శిక్షకుడయ్యారు.

అటక మీద ప్రాణం

1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. హకోవాను మూయించేశారు. బుడాపెస్ట్ తిరిగొచ్చిన గుట్‌మన్ ఉయ్‌పెస్ట్ జట్టుకు శిక్షకుడిగా చేరి 1939లో దానికి హంగేరీ లీగ్‌ను, మధ్య యూరప్ దేశాల మిత్రోపా కప్పును గెలిపించారు. అంత గెలిపించినా ఆ దేశపు యూదు వ్యతిరేక చట్టాల ముందు ఆ కప్పులు అక్కరకు రాలేదు. పని పోయింది.

1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగేరీలోకి వచ్చింది. రెండు నెలల తర్వాత యూదులను రైళ్లలో కుక్కి ఆష్విట్జ్‌కు పంపడం మొదలైంది. కొద్ది వారాల్లోనే 4 లక్షల మందికి పైగా అలా వెళ్లారు. గుట్‌మన్ ఉయ్‌పెస్ట్‌లో ఒక క్షౌరశాల పైనున్న అటకలో దాక్కున్నారు. తర్వాత నిర్బంధ కూలీల శిబిరంలో పడ్డారు. అక్కడి నుంచి మరణ శిబిరానికి తరలిస్తారని తెలిసి, 1944 చివర్లో కొందరితో కలిసి తప్పించుకున్నారు. ఆ కొందరిలో ఎర్నో ఎర్బ్‌స్టైన్ ఒకరు. యుద్ధం తర్వాత ఇటలీలో టొరీనో జట్టును గొప్పగా తీర్చిదిద్ది, 1949లో సుపెర్గా కొండ మీద విమాన ప్రమాదంలో జట్టుతో పాటే మరణించిన శిక్షకుడు ఆయనే.

గుట్‌మన్ బతికి బయటపడ్డారు. ఆయన తండ్రి, తోబుట్టువు బతకలేదు. ఆ రోజుల గురించి ఆయన తర్వాత దాదాపుగా మాట్లాడలేదు. ఆట గురించి గంటలు గంటలు చెప్పిన మనిషి, ఈ సంగతి వచ్చేసరికి రెండు మూడు వాక్యాలతో ముగించేవారు. తర్వాతి జీవితంలో ఆయన చూపిన మొండితనం, డబ్బు విషయంలో పట్టుదల, ఎక్కడా కుదురుగా ఉండలేకపోవడం, వీటిని తూచేముందు ఆ అటకను గుర్తుంచుకోవాలి.

ట్రామ్ ఎక్కి ఇంటికి

యుద్ధం తర్వాత రుమేనియాలో ఒక క్లబ్‌కు పనిచేసినప్పుడు, తిండికి కటకటగా ఉన్న రోజులు కాబట్టి, జీతం కూరగాయల రూపంలో ఇమ్మన్నారు. 1948లో బుడాపెస్ట్‌లో కిష్పెస్ట్ జట్టు శిక్షకుడిగా ఉండగా ఒక మ్యాచ్‌లో పాతీ అనే ఆటగాడు మొరటుగా ఆడుతున్నాడు. సగం ఆట దగ్గర అతణ్ని బయట కూర్చోమన్నారు గుట్‌మన్. అప్పటికే గొప్ప పేరు తెచ్చుకున్న యువకుడు ఫెరెంక్ పుష్కాష్, పాతీని మైదానంలోకే రమ్మన్నాడు. పాతీ వెళ్లి ఆడాడు. గుట్‌మన్ వాదన పెట్టుకోలేదు. గ్యాలరీలో కూర్చుని గుర్రప్పందేల పత్రిక చదువుకుని, ఆట అయ్యాక ట్రామ్ ఎక్కి ఇంటికెళ్లిపోయారు. మళ్లీ ఆ జట్టు మొహం చూడలేదు.

ఇటలీ, అర్జెంటీనా, సైప్రస్ తిరిగారు. ఇటలీలో మిలాన్ జట్టు లీగ్ పట్టికలో పైన ఉండగానే 1955లో ఆయన్ను తీసేసింది. జట్టు పైన ఉన్నంతకాలం తనను తీసేయకూడదన్న షరతును ఆ తర్వాత ఒప్పందాల్లో రాయించుకునేవారని చెబుతారు. 1957లో బ్రెజిల్ చేరి సావో పాలో క్లబ్‌కు ఆ రాష్ట్ర లీగ్ గెలిపించారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఆడే 4-2-4 పద్ధతి అప్పుడే ఊపందుకుంటోంది. మరుసటి ఏడు బ్రెజిల్ ఆ పద్ధతితోనే ప్రపంచ కప్పు గెలిచింది.

పోర్టో కాచుకున్న నిమిషాలు

1958లో గుట్‌మన్ పోర్చుగల్ ఉత్తరాన ఉన్న పోర్టోకు వచ్చారు. అప్పటికే సీజన్ మొదలైంది. రాజధాని లిస్బన్‌లోని బెన్‌ఫికా ముందంజలో ఉంది. వెనకబడిన జట్టుకు దాడి నేర్పారు గుట్‌మన్. ఇవ్వకుండా కాపాడుకోవడం కన్నా, ఇచ్చినదానికన్నా ఎక్కువ కొట్టడం ఆయన పద్ధతి. 26 మ్యాచ్‌ల్లో 81 గోల్స్ అంటే మ్యాచ్‌కు మూడుకు పైనే. ఆఖరి రోజుకు రెండు జట్లూ పాయింట్లలో సమానమయ్యాయి. గోల్స్ తేడాలో పోర్టో నాలుగు ముందుంది.

ఆ ఆదివారం టొరెస్ వెద్రాస్ అనే ఊళ్లో పోర్టో 3-0తో గెలిచింది. కానీ సంబరం చేసుకోవడానికి లేదు. లిస్బన్‌లో బెన్‌ఫికా మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. రిఫరీ కలబోత్ బెన్‌ఫికాకు మూడు పెనాల్టీలు ఇచ్చారు, అదనపు సమయమూ ఇచ్చారు. పోర్టో ఆటగాళ్లు, అభిమానులు రేడియో కబురు కోసం ఊపిరి బిగబట్టి కాచుకున్నారు. చివరికి బెన్‌ఫికా 7-1తో గెలిచింది. లెక్క వేస్తే 59, 58. కప్పు పోర్టోది. ఆ రిఫరీని తర్వాత ఆ బాధ్యత నుంచి శాశ్వతంగా తప్పించారు. ఆయన పేరు ఇప్పటికీ అక్కడ గొడవ రేపుతుంది.

పోర్టో మళ్లీ లీగ్ గెలవడానికి 19 ఏళ్లు పట్టింది, 1978 దాకా. ఆ ఒక్క గోలు ఆ ఊరికి ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎవరూ చూడని పిల్లవాడు

గెలిచిన కొద్ది నెలలకే గుట్‌మన్ ఓడిన జట్టుకే వెళ్లిపోయారు. పోర్టో వాళ్లకు ఎంత మండిపోయి ఉంటుందో ఊహించవచ్చు. బెన్‌ఫికాలో ఆయన చేసిన మొదటి పని చాలామంది పాత ఆటగాళ్లను పంపేసి కుర్రవాళ్లకు చోటివ్వడం. 1960, 1961 లీగ్‌లు రెండూ బెన్‌ఫికావే.

1961 మే 31న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో యూరప్ క్లబ్‌ల కప్పు ఫైనల్. ప్రత్యర్థి బార్సిలోనా. ఆ జట్టులో కొచిష్, జిబోర్ అనే ఇద్దరు హంగేరీ వాళ్లున్నారు. అదే మైదానంలో 1954 ప్రపంచ కప్పు ఫైనల్‌ను 3-2తో పోగొట్టుకున్న జట్టు మనుషులు వాళ్లు. ఈసారీ ఇద్దరూ చెరో గోలు కొట్టారు, ఈసారీ 3-2తోనే ఓడారు. గెలిచింది గుట్‌మన్ జట్టు. అప్పటిదాకా ఆ కప్పును రియల్ మాడ్రిడ్ తప్ప వేరెవరూ గెలవలేదు.

ఈలోగా లిస్బన్‌లో ఒక క్షౌరశాలలో, బ్రెజిల్ పాత ఆటగాడు బావెర్ ఆయనకు ఒక కబురు చెప్పారు. ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో ఒక కుర్రవాడు అద్భుతంగా ఆడుతున్నాడని. అప్పట్లో మన గోవాలాగే మొజాంబిక్ కూడా పోర్చుగల్ పాలనలో ఉండేది. గుట్‌మన్ ఆలస్యం చేయలేదు. 1960 డిసెంబర్‌లో పద్దెనిమిదేళ్ల యుసేబియో లిస్బన్‌లో దిగాడు. 1962 మే 2న ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండో ఫైనల్, రియల్ మాడ్రిడ్‌తో. ఆ జట్టులో పుష్కాష్ ఉన్నాడు, ఒకనాడు సగం ఆట దగ్గర గుట్‌మన్ మాటను కాదన్న పుష్కాష్. సగం ఆటకు అతనొక్కడే మూడు గోల్స్ కొట్టాడు. రియల్ 3, బెన్‌ఫికా 2. ఈసారి మాత్రం గురువు ట్రామ్ ఎక్కలేదు. కొలూనా సమం చేశాడు, యుసేబియో రెండు కొట్టాడు, బెన్‌ఫికా 5-3తో గెలిచింది. ఆట ముగిశాక పుష్కాష్ తన చొక్కా తీసి యుసేబియోకు ఇచ్చాడు.

మూడో ఏడు

రెండు కప్పుల తర్వాత గుట్‌మన్ ఎక్కువ డబ్బు అడిగారు. క్లబ్ ఒప్పుకోలేదు. ఆయన వెళ్లిపోయారు. ఇంకో వందేళ్లు బెన్‌ఫికా యూరప్ కప్పు గెలవదని శపించి వెళ్లారని కథ. శాపం మాట నిజమో కాదో గానీ, ఆ తర్వాత బెన్‌ఫికా ఎనిమిది యూరప్ ఫైనల్స్ ఆడి ఎనిమిదీ ఓడింది. 1965లో ఆయన్నే మళ్లీ పిలిచినా ఆ ఏడు లీగ్ కూడా రాలేదు. 1981లో వియన్నాలో కన్నుమూశారు. 2014లో బెన్‌ఫికా తన స్టేడియం దగ్గర ఆయన విగ్రహం పెట్టింది, రెండు చేతుల్లో రెండు కప్పులతో.

శిక్షకుడికి మూడో ఏడు చేటని గుట్‌మన్ నమ్మేవారు. మొదటి రెండేళ్లలో నేర్పగలిగినదంతా నేర్పేస్తాం, ఆపైన ఆటగాళ్లకు మన మాట పాతబడుతుంది, ఎదుటివాళ్లకు మన ఎత్తు తెలిసిపోతుంది అన్నది ఆయన లెక్క. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాణ్ని పదో తరగతి దాటించే మాలాంటివాళ్లం ఈ మాటను ఒప్పుకోలేం. ఉన్నచోటే ఉండి, పదో ఏట కూడా కొత్తగా నేర్పవలసిన వృత్తి మాది. గుట్‌మన్‌కు ఆ అవకాశం తక్కువ. తన ఊరే తనను తరిమింది, ఆ తర్వాత ఏ ఊరినీ ఆయన పూర్తిగా నమ్మినట్టు కనిపించదు. అయినా దిగిన ప్రతిచోటా చేసింది ఒకటే. ఉన్నవాళ్లలో ఎవరిలో ఏముందో చూడటం, వయసు చిన్నదని వెనక్కి నెట్టకుండా బరిలోకి దింపడం. ఆ పని ఏ బడిలోనైనా చేయవచ్చు, దానికి రెండేళ్ల గడువు అక్కర్లేదు.

శాపం కథ పిల్లలు ఎలాగూ వింటారు, వాళ్లకది సరదా. దానితోపాటు క్షౌరశాల మీది అటక కథ కూడా మనం చెప్పాలి. 1944లో అక్కడ దాక్కున్న మనిషి దొరికిపోయి ఉంటే 59, 58 అనే లెక్కే ఉండేది కాదు.