ఆంబ్రోస్

పునీత ఆంబ్రోస్ (సుమారు 339 - ఏప్రిల్ 4, 397) మిలాన్ నగర బిషప్పు, క్రైస్తవ వేదాంతి. అగస్టీన్, జెరోమ్, మొదటి గ్రెగరీ పోపులతో పాటు ఇతడిని కాథలిక్ శ్రీసభ పాశ్చాత్య మహాపండితులలో ఒకడిగా గౌరవిస్తుంది. జ్ఞానస్నానం (బాప్తిస్మము) కోరి, పొందకుండానే మరణించినవారికి రక్షణ ఉన్నదా అనే చర్చకు ఇతని ప్రసంగం ముఖ్య ఆధారమైంది.

తొలి జీవితం

ఆంబ్రోస్ నేటి జర్మనీలోని ట్రియర్‌లో ఉన్నత రోమను క్రైస్తవ కుటుంబంలో జన్మించాడు. రోములో న్యాయశాస్త్రం అభ్యసించి, సుమారు 370లో మిలాన్ కేంద్రంగా గల రాష్ట్రానికి గవర్నరు అయ్యాడు.

బిషప్పుగా

374లో బిషప్పు ఆక్సెంటియస్ మరణించగా, వారసుని ఎన్నికపై ఏరియన్ వాదులకు, నైసియా విశ్వాసులకు మధ్య వివాదం చెలరేగింది. శాంతింపజేయడానికి వెళ్ళిన ఆంబ్రోస్‌నే ప్రజలు బిషప్పుగా కోరారు. అప్పటికి ఇతడు జ్ఞానస్నానార్థి మాత్రమే. కొద్ది రోజులలోనే జ్ఞానస్నానం పొంది బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. 387 ఈస్టరు పండుగనాడు అగస్టీన్‌కు జ్ఞానస్నానం ఇచ్చాడు. 390లో థెస్సలొనీకలో జరిగిన జనసంహారానికి చక్రవర్తి థియొడోసియస్ చేత బహిరంగ ప్రాయశ్చిత్తం చేయించాడు.

వాలెంటీనియన్ మరణం

392 మే 15న యువ చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ నేటి ఫ్రాన్సులోని వియెన్‌లో ఉరికి వ్రేలాడుతూ కనిపించాడు. అది హత్యయో ఆత్మహత్యయో తేలలేదు. జ్ఞానస్నానం కోసం అతడు ఆంబ్రోస్‌ను పిలిపించాడు గాని, ఆంబ్రోస్ చేరకముందే మరణించాడు. అతని సోదరీమణుల దుఃఖానికి ఇది ప్రత్యేక కారణమైంది.

అంత్యక్రియల ప్రసంగంలో ఆంబ్రోస్ వారిని ఓదార్చాడు. కోరడం, అడగడం మాత్రమే మనిషి చేతిలో ఉన్నవని, వాలెంటీనియన్ ఆ రెండూ చేశాడని వాదించాడు. జ్ఞానస్నానం లేని వేదసాక్షులను వారి రక్తమే శుద్ధి చేసినట్లు, ఇతడిని భక్తి, సంకల్పం శుద్ధి చేశాయన్నాడు. అయితే సంస్కారాలను గురించిన మరొక రచనలో, జ్ఞానస్నానం లేనిదే జ్ఞానస్నానార్థికి పాపక్షమాపణ లేదని ఇతడే బోధించాడు. అందువలన ఈ ప్రసంగం భావం గురించి వాదోపవాదాలు సాగాయి.

తరువాతి ప్రభావం

12వ శతాబ్దంలో క్లేర్వో బెర్నార్డు, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ ప్రసంగాన్ని ఆధారంగా స్వీకరించారు. 1547లో ట్రెంట్ మహాసభ నీతిమంతునిగా తీర్చబడుటకు జ్ఞానస్నానమైనా, దాని కోరికయైనా అవసరమని ప్రకటించింది.

వాలెంటీనియన్ కోరిక వ్యక్తమైనది. కోరిక అవ్యక్తంగానైనా ఉండవచ్చునని, బైబిలులోని శతాధిపతి కొర్నేలీని ఉదాహరణగా చూపి అక్వినాస్ వివరించాడు. క్రీస్తును ఎరుగకపోయినా దైవచిత్తాన్ని నెరవేర్చగోరేవానిలో ఇట్టి కోరిక ఉండగలదని తరువాతి వేదాంతులు విస్తరించారు. 1949లో రోము నుండి బోస్టన్ ఆర్చిబిషప్పుకు వెళ్ళిన లేఖ దీనిని అంగీకరిస్తూనే, అలౌకిక విశ్వాసం, పరిపూర్ణ దైవప్రేమ లేనిదే అది ఫలించదని స్పష్టం చేసింది. రెండవ వాటికన్ మహాసభ 1964లో, కాథలిక్ సత్యోపదేశం 1992లో ఈ బోధనను కొనసాగించాయి.