కడపటి కాకతీయుడు ప్రతాపరుద్రుడు

బిలాసపురమునుండి కట్నీకి పోవు రైలుమార్గమున పెండ్రారోడ్డు స్టేషనున దిగి యాత్రికులు అమరకంటకమునకు పోవుదురు. అచట జన్మించిన నర్మద పడమటి సముద్రము చేరును. సోమోద్భవ యని ఆ నదికి మరియొక పేరు. కాకతీయ చక్రవర్తులలో కడపటివాడైన ప్రతాపరుద్రుడు 1323లో తనువు చాలించినది ఆ నదీతీరముననే. కావున బిలాసపురపు తెలుగువారికి ఆతని చరిత్ర మరింత సన్నిహితము.

ప్రతాపరుద్రుడు రుద్రమదేవికి దౌహిత్రుడు. తల్లి ముమ్మడమ్మ. పుత్రసంతానము లేని రుద్రమదేవి ఆతనినే వారసునిగా స్వీకరించెను. 1289లో ఆమె మరణానంతరము ఆతడు ఓరుగల్లు సింహాసనము నధిష్ఠించెను. అప్పటికే కాయస్థ అంబదేవుడు దక్షిణమున స్వతంత్రించి యుండెను. ప్రతాపరుద్రుడు సేనల నంపి ఆతని నడచి ఆ సీమను మరల గైకొనెను. నాయకులకు భూములిచ్చి, వారు సైన్యమును పోషించి యుద్ధమున తోడ్పడునట్లు ఏర్పాటు చేసెను. రాయలసీమలో అడవులు కొట్టించి గ్రామములు నెలకొల్పెను. విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును ఆతని పేరనే రచించెను.

ఇంతలో ఢిల్లీ సుల్తానుల దృష్టి దక్షిణాపథముపై పడెను. 1303లో వచ్చిన అల్లావుద్దీను సేన ఓటమితో మరలెను. 1309లో బయలుదేరిన మాలిక్ కాఫుర్ ఓరుగల్లు మట్టికోటను గెలిచి రాతికోటను ముట్టడించెను. ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుఱ్ఱములను, ధనరాసులను ఇచ్చి 1310లో సంధి చేసికొనెను. అవకాశము చిక్కినపుడు కప్పము మానెను. 1318లో మరల సేన రాగా మరల చెల్లించెను. దీనిని కొందరు పిరికితనమందురు. కాని కోటలో చిక్కిన ప్రజలను కాపాడుటకు ధనమిచ్చి కాలము గడుపుటయు రాజనీతియే. ఆ నీతివలన ఓరుగల్లు మరి పదుమూడేండ్లు నిలిచెను.

అసలు పొరపాటు విజయమువలన కలిగెను. గియాసుద్దీన్ తుగ్లకు కుమారుడు ఉలుఘ్ ఖాను ఓరుగల్లును ముట్టడించియు, తన సేనలో పుట్టిన వదంతులచే కలవరపడి దేవగిరికి మరలిపోయెను. ఆపద తొలగెనని తలచి ప్రతాపరుద్రుడు కోటలోని ధాన్యపు కొట్లను తెరపించి ఉత్సవములు జరిపించెనని చెప్పుదురు. ఖాను క్రొత్త బలములతో 1323లో తిరిగివచ్చెను. వట్టిపోయిన కొట్లతో కోట కొన్ని నెలలు మాత్రమే పోరాడగలిగెను. రాజు బందీ యయ్యెను.

ఆతనిని ఢిల్లీకి గొనిపోవుచుండగా సోమోద్భవా తీరమున మరణించెనని ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఆతడు తన ఇచ్ఛతోనే పరలోకమున కేగెనని 1423 నాటి కలువచేరు శాసనము చెప్పుచున్నది. రాజ్యమునకై ధనమును పలుమారులు సమర్పించిన రాజు, సుల్తాను కొలువున బందీగా నిలుచుటకు మాత్రము అంగీకరింపలేదు.

రాజు పోయినను ఆతడు పెంచిన నాయకులు మిగిలిరి. ముసునూరి ప్రోలయ నాయకుడును, పిదప కాపయ నాయకుడును వారిని కూడగట్టిరి. 1336 ప్రాంతమున కాపయ ఓరుగల్లును విడిపించెను. నేటి ఛత్తీస్‌గఢ్ దక్షిణభాగమున బస్తరు నేలిన రాజులు ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడే తమ మూలపురుషుడని చెప్పుకొనిరి.

ఓడిన రాజును ఓటమితోనే కొలుచుట న్యాయము కాదు. అమరకంటకమున నర్మదకు నమస్కరించు తెలుగువారు ఆ కడపటి కాకతీయునికిని ఒక నమస్కార మర్పించుట ఉచితము.