పండితులకు ఇల్లిచ్చి తెలుగు నేర్చుకున్న దొర



అల్ అజీజియాలో మా సందు చివర ఒక బకాలా ఉంది. బకాలా అంటే మన కిరాణా కొట్టే. (సౌదీలో ఈ అజీజియా పేరుగల పేటలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. నేనుండేది వాటిలో ఒకటి అనుకోండి.) వచ్చిన కొత్తలో ఒక రాత్రి పాలు, రొట్టె కొని యాభై రియాళ్ళ నోటు ఇచ్చాను. కొట్టతను ఏదో లెక్కపెట్టుకుంటూ బాకీ అన్నాడు. వచ్చి వారం కాలేదు, అప్పుడే ఇతనికి నేనేం బాకీ పడ్డాను అని కంగారుపడ్డాను. తీరా చూస్తే చిల్లర నా చేతిలో పెడుతున్నాడు. అరబ్బీలో బాకీ అంటే మిగిలినది. మనం ఇవ్వాల్సి మిగిలిందాన్ని బాకీ అంటాం, అతను నాకివ్వాల్సి మిగిలిందాన్ని బాకీ అన్నాడు. అంతే తేడా.

ఆ తర్వాత చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టాను. ఖాళీ, జవాబు, హక్కు, తారీఖు, కలం, అసలు, నకలు... మా అమ్మమ్మ నోట విన్న మాటలే ఇక్కడ వీధిలో కొంచెం వేరే ఉచ్చారణతో తిరుగుతున్నాయి. ఇలా తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలన్నీ ఏరి ఎవరైనా పుస్తకం వేశారా అని వెతికితే, 1854లోనే ఒకాయన వేసి ఉంచారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. బ్రౌన్ దొర పేరు మీరందరూ బడిలో వినే ఉంటారు. నేనూ విన్నాను, పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయాను.

ఇప్పుడు ఆయన సంగతి మీకు చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా పై అంతస్తులో ఒక ఈజిప్టు కుటుంబం ఉంది. వాళ్ళ పదేళ్ళ అబ్బాయికి నేను వారంలో రెండు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను. బదులుగా వాళ్ళ నాన్న నాకు అరబ్బీ చెబుతారు. డబ్బు మాట లేదు. మధ్యలో టీ మాత్రం తప్పదు. ఈ రోజుల్లో కుర్రాళ్ళు స్పెయిన్ లాంటి దేశాలకు వెళ్ళి, ఒక కుటుంబంతో వాళ్ళింట్లోనే ఉంటూ, పిల్లలకు ఇంగ్లీషు నేర్పి తాము స్పానిష్ నేర్చుకుంటున్నారు. ఇదేదో కొత్త పద్ధతి అనుకునేవాణ్ణి. రెండు వందల ఏళ్ళ కిందట కడపలో ఒక ఆఫీసు ఉద్యోగి ఇదే పనిని తలకిందులుగా చేశారు. ఆయన వెళ్ళి ఒకరింట్లో ఉండలేదు. నేర్పేవాళ్ళనే తన ఇంటికి తెచ్చుకున్నారు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ పాదిరి. 1786లో కలకత్తా వచ్చి ఓల్డ్ మిషన్ చర్చిని చూసుకున్నారు, ఫోర్ట్ విలియం కాలేజీకి పెద్దగా పనిచేశారు. కలకత్తా దగ్గర శ్రీరాంపూర్‌లో ఆయనకు ఆల్డీన్ అనే ఇల్లుండేది. విలియం కేరీ గారి మిషన్ కూడా అదే ఊళ్ళో. 1806లో హెన్రీ మార్టిన్ ఇండియాకు వచ్చినప్పుడు కొన్ని నెలలు బస చేసింది ఈ ఆల్డీన్ ఆవరణలోనే, నది ఒడ్డున పాడుబడిన ఒక పాత గుడిలో. మార్టిన్ గారు ఆ తర్వాత హిందుస్తానీలోకి, పారశీకంలోకి కొత్త నిబంధనను తెచ్చి, 31 ఏళ్ళకే టర్కీలోని తోకాట్‌లో కన్నుమూశారని మీకు తెలుసు. అప్పటికి చార్లెస్ ఏడేళ్ళ పిల్లవాడు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏ మాటలు నడిచేవో మనకు తెలియదు గానీ, అనువాదాలు, వ్యాకరణాలు, మున్షీలు ఆ పిల్లవాడికి మన పిల్లలకు క్రికెట్ ఉన్నంత మామూలుగా ఉండి ఉంటాయని నా ఊహ.

1812లో తండ్రి చనిపోయారు. కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. చార్లెస్ కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు హెయిలీబరీలో చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు. వయసు పద్దెనిమిది. తెలుగు ఒక్క ముక్క రాదు.

మిషనరీ కొడుకే అయినా ఆయన మిషనరీగా రాలేదని గమనించండి. జీతం కోసం వచ్చారు, మనలాగే. కొత్తగా వచ్చిన దొరలు ఫోర్ట్ సెంట్ జార్జి కాలేజీలో దేశభాషలు నేర్చుకుని పరీక్ష ప్యాసవ్వాలి. బ్రౌన్‌కు తెలుగు చెప్పినవారు వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో పరీక్ష గట్టెక్కింది. చాలామంది దొరలకు అక్కడితో చదువు సరి. మనలో కూడా సర్టిఫికెట్ చేతికొచ్చాక పుస్తకం ముట్టనివాళ్ళు ఎంతమంది లేరు? నేనూ ఆ జాబితాలో వాణ్ణే.

అదే ఏడు కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా వేశారు. హాన్‌బరీ తెలుగు బాగా మాట్లాడేవాడట. అప్పుడే గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో కూడా అధికారులకు జనం భాష రావాలని పట్టుబట్టే మనిషి. కడప కచేరీలో వచ్చే అర్జీలు, ఫిర్యాదులు, శిస్తు లెక్కలు, పోలీసు రిపోర్టులు అన్నీ తెలుగులోనే. బ్రౌన్ కాలేజీలో నేర్చింది కావ్యాల తెలుగు, కచేరీలో ఎదురైంది రైతు తెలుగు. రెండూ ఒకటి కావని ఆయనకు అక్కడ తెలిసింది. ఆ కాగితాల విలువ ఆయన మరిచిపోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత తెలుగు నేర్చుకునే దొరల కోసం వాచకం వేసినప్పుడు అందులో పెట్టినవి సొంత ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలే.

నేర్చుకోవడం మొదలుపెట్టిన మరుసటి ఏడే ఇవ్వడం కూడా మొదలైంది. 1821లో కడపలో రెండు ఉచిత బడులు పెట్టారు. మచిలీపట్నం బదిలీ అయ్యాక 1823లో అక్కడ ఇంకో రెండు. వాటిలో చెప్పింది ఇంగ్లీషు కాదు, తెలుగూ హిందుస్తానీ. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా లేవు.

ఇక వేమన సంగతి. 1824 ప్రాంతంలో ఒక ఫ్రెంచి ఫాదరీ, ఆబే దుబ్వా, రాసిన పుస్తకంలో వేమన పేరు చూశారు. వెతికించడం మొదలుపెట్టారు. పండితులకు వేమన అంటే చిన్నచూపు. అవి కూలీనాలీ జనం పాడుకునే పద్యాలు, దొరగారికెందుకు అన్న ధోరణి వారిది. బ్రౌన్ మాత్రం వదల్లేదు. ఊరూరా తాటాకు ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, 693 పద్యాలకు ఇంగ్లీషు అనువాదం చేసి 1829లో అచ్చు వేయించారు. మన నాలుకల మీద ఉన్న కవి గురించి బయటి ప్రపంచానికి ఒక గుమాస్తా దొర చెప్పాల్సి వచ్చింది. ఆలోచిస్తే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఆయన బతుకులో నాకు అన్నిటికన్నా నచ్చింది కడప బంగళా. కడపలో ఆయన ఒక బంగళా కొన్నారు. దొరల బంగళా అంటే విందులు, గుర్రాలు గుర్తొస్తాయి కదా. బ్రౌన్ అక్కడ పండితులను, లేఖకులను కూర్చోబెట్టారు. వారి జీతాలు కంపెనీవి కావు, తన జేబులోవి. జీతం చాలకపోతే అప్పు చేశారు.

అక్కడ జరిగే పని ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా వృత్తివాళ్ళకు అది వెంటనే అర్థమవుతుంది. ఒక కావ్యానికి పది ఊళ్ళ నుంచి పది తాటాకు ప్రతులు వస్తాయి. రాసినవాడల్లా ఎక్కడో ఒక అక్షరం తప్పు రాశాడు, ఒక పద్యం వదిలేశాడు, తనది ఒకటి చేర్చాడు. ఆకుల్లో కొన్నిటిని పురుగు తినేసింది. ఒకరు పైకి చదువుతారు, మిగతావారు తమ చేతిలోని ప్రతి చూస్తూ తేడా వచ్చినచోట ఆపుతారు. ఏ పాఠం సరైనదో వాదించుకుంటారు. తేలినదాన్ని లేఖకుడు కాగితం మీద శుభ్రంగా ఎక్కిస్తాడు. పది వెర్షన్లు కలిపి ఒక్కటి తేల్చడం అన్నమాట. మా ఆఫీసులో ఆ పని కంప్యూటరు చేస్తేనే మాకు సాయంత్రానికి తల వాచిపోతుంది. అక్కడ విసనకర్ర కింద, కడప ఎండల్లో, మనుషులు చేశారు.

ఆ పండితుల్లో కొందరి పేర్లు నిలిచాయి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి. మనుచరిత్రకు అప్పయ్య గారు రాసిన వ్యాఖ్యానం తర్వాత అచ్చయింది కూడా. దొరగారు వాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుంటే, ఆ పండితులకు జీతం దొరికింది, అచ్చు యంత్రం దొరికింది. ఎవరు ఎవరికి గురువో చెప్పడం కష్టం. బ్రౌన్ అంత సుళువైన మనిషేమీ కాదు. కోపిష్ఠి. తనకు నచ్చని పాఠాన్ని కొట్టిపారేసేవారు, పండితుల ఛాందసం గురించి ఘాటుగా రాసేవారు. ఆయన తీర్పులన్నీ ఈనాటి పండితులు ఒప్పుకోరు. కానీ అదే పండితులతో దశాబ్దాలు కలిసి కూర్చున్నారు.

1834లో ఉద్యోగం పోయింది. ఊరుగాని ఊరిలో ఉద్యోగం పోవడం అంటే ఏమిటో గల్ఫులో ఉన్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీసా, అద్దె, ఇంటికి పంపే డబ్బు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరుగుతాయి. బ్రౌన్ చేతిలో అప్పులున్నాయి, సగంలో ఆగిన పుస్తకాలున్నాయి. 1835లో లండన్ చేరారు. అక్కడ కంపెనీ వారి ఇండియా హౌస్ గ్రంథాలయంలో ఎవరూ విప్పి చూడని దక్షిణ భారత రాతప్రతులు రెండు వేలకు పైగా ఆయన కంటబడ్డాయి. చదవగలిగేవాడు ఆ ఊళ్ళో ఎవడున్నాడు? అవి ఉండాల్సింది మద్రాసులో అని వెంటపడి, తిరిగి ఇటు పంపేలా చేశారు. 1837లో పారశీక అనువాదకుడి ఉద్యోగంతో ఆయనా మద్రాసు వచ్చారు. 1846లో పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యారు. పగలు టపాలు, మిగతా సమయం నిఘంటువు.

ఆ నిఘంటువులు 1852లో మద్రాసులో క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ వారి ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. ఒకటి తెలుగు నుంచి ఇంగ్లీషుకు. కావ్యాల మాటలతోపాటు అంగడిలో, కచేరీలో వినిపించే మాటలకు కూడా అందులో పీట వేశారు. ఇంకొకటి ఇంగ్లీషు నుంచి తెలుగుకు. ఇంగ్లీషు నుడికారాలను తెలుగులో విడమరిచి చెప్పడం దాని పని. మొదటిది దొరలకు తెలుగు నేర్పుతుంది, రెండోది మన తాతముత్తాతలకు ఇంగ్లీషు నేర్పింది. రెండేళ్ళకు నేను పైన చెప్పిన మిశ్రమ పదాల పుస్తకం వచ్చింది. తెలుగులో కలిసిన అరబ్బీ, పారశీక మాటలను మైల అనుకుని పండితులు పక్కన పెడుతుంటే, పారశీకం తెలిసిన ఈయన వాటికి ఒక పుస్తకమే కేటాయించారు.

బైబిలు సంగతి చెప్పకపోతే ఈ పత్రిక పాఠకులు నన్ను క్షమించరు. బ్రౌన్‌కు ముందే విశాఖపట్నం మిషనరీలు తెలుగులో సువార్తలు తెచ్చారు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. బ్రౌన్ కూడా లేఖనాల అనువాదం మీద ఏళ్ళ తరబడి కూర్చుని, ఆ రాతప్రతులను బైబిల్ సొసైటీకి ఊరికే ఇచ్చేశారు. వేమనను, మనుచరిత్రను అచ్చు వేయించిన చెయ్యే ఇదీ చేసింది. ఆయనకు ఈ రెంటి మధ్యా పేచీ కనిపించినట్టు లేదు.

పెళ్ళి చేసుకోలేదు. ఆరోగ్యం పాడై 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయారు, మళ్ళీ ఇటు రాలేదు. 1865 నుంచి లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. ఈ భాగం చదువుతుంటే నాకు ఏదోలా ఉంటుంది. మాట్లాడేవాళ్ళు చుట్టూ లేని ఊళ్ళో, ఎవరైనా వచ్చి నేర్చుకుంటారేమోనని తెలుగు పట్టుకుని కూర్చున్న ముసలాయన. 1884 డిసెంబరు 12న లండన్‌లోనే చనిపోయారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో, ఆయన పేర గ్రంథాలయం లేచింది. నిఘంటువును 1903లో కందుకూరి వీరేశలింగం పంతులు, వెంకటరత్నం, క్యాంబెల్ గార్లు సవరించి మళ్ళీ వేశారు. ఇప్పుడది చికాగో విశ్వవిద్యాలయం వారి వెబ్‌సైటులో ఉంది, మీ ఫోనులో కూడా తెరుచుకుంటుంది.

మొన్న గురువారం పాఠం అయ్యాక పై అంతస్తు అబ్బాయి నన్ను అమ్మో అని పిలిచాడు. అరబ్బీలో అమ్మో అంటే బాబాయి లాంటి మాట. మా భాషలో భయమేస్తే అరిచే కేక అని చెబితే పడీ పడీ నవ్వి, రాత్రి దాకా వాళ్ళ నాన్నను చూసినప్పుడల్లా అదే కేక పెట్టాడట. వాడికి ఇంకా తెలుగు మాటలు కావాలట. బ్రౌన్ నిఘంటువు తెరిచి, వచ్చే వారానికి పది మాటలు ఏరి పెట్టాను. మొదటిది బాకీ.