కెన్నెత్ ఆండర్సన్

పటాన్‌చెరువు ప్రాంతమున కిష్టారెడ్డిపేటకు సమీపమున బొల్లారమను ఊరు కలదు. నేడు అది కర్మాగారములతో నిండియున్నది. సికిందరాబాదునకు ఉత్తరమున మరియొక బొల్లారము కలదు. అది ఆంగ్లేయుల కాలమున సైనికుల నివాసమునకై ఏర్పడిన దండు బొల్లారము. పేరు ఒక్కటే యగుటచే ఒక దానిని మరియొకటిగా భావించువారు లేకపోలేదు. నరమాంసము మరిగిన పులులను దక్షిణదేశపు అడవులలో వేటాడి, ఆ వేటలను కథలుగా వ్రాసి ప్రఖ్యాతి గాంచిన కెన్నెత్ ఆండర్సన్ జన్మించినది ఈ రెండవ బొల్లారముననే. ఆయన జన్మదినము 1910వ సంవత్సరము మార్చి 8వ తేది.

ఆండర్సన్ పూర్వులు స్కాట్లండు దేశీయులు. ఆరు తరములుగా వారు భారతదేశముననే స్థిరపడియుండిరి. తండ్రి సైనికుల జీతభత్యముల లెక్కలు చూచు కార్యాలయమున అధికారి. ఆయనకు అడవులన్నను, వేట యన్నను మిక్కిలి ఆసక్తి. కుమారునకు ఆ యాసక్తి అలవడినది తండ్రివలననే. బాలుడు బెంగుళూరునందు బిషప్ కాటన్ పాఠశాలలోను, పిదప సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివెను. న్యాయశాస్త్రము అభ్యసించుటకై తండ్రి యాతనిని ఎడింబరోకు పంపెను. కాని ఆ చదువు ఆతనికి రుచింపలేదు. దానిని నడుమనే విడిచి స్వదేశమునకు తిరిగివచ్చెను. తరువాత పదునైదేండ్లు తంతి తపాలా శాఖలో పనిచేసి, ఆ పిమ్మట బెంగుళూరు విమాన కర్మాగారమున ఉద్యోగియై, క్రమముగా ఉన్నతపదవి నందెను. ఆయన రాజు కాడు, జమీందారు కాడు. నెలజీతముపై బ్రతుకు ఉద్యోగి. సెలవు దొరికిననే వేట. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనినచో ఆయన వేటపద్ధతి సులభముగా బోధపడగలదు.

ఆ కాలమున వేట గొప్పవారి వినోదముగా నుండెను. నిజాము రాజ్యమునకు వచ్చిన ఆంగ్ల ప్రభువులకు పులివేట ఏర్పాటు చేయుట ఒక మర్యాద. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్లు జిల్లా నెక్కొండ ప్రాంతమున పులిని వేటాడెను. చచ్చిన పులి చెంత ప్రభుదంపతులు నిలిచియుండగా రాజా దీనదయాళ్ తీసిన ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. అట్టి వేటలలో వందలకొలది జనులు డప్పులు మ్రోగించుచు, కేకలు వేయుచు పొదలనుండి మృగమును తరిమెడివారు. మంచెపై నెక్కి కూర్చున్న అతిథి తుపాకి పేల్చెడివాడు. చచ్చిన పులికి ఛాయాచిత్రము లభించెను. గుండు తగిలియు చావక, నెత్తురోడుచు పొదలలోనికి పారిపోయిన పులి మాటయేమి? దానిని లెక్కించినవారు అరుదు. ఆండర్సన్ జీవితమున అధికభాగము ఆ లెక్కలోనికి రాని పులుల వెంట తిరుగుటలోనే గడచినది.

ఇక్కడ తూటాను గూర్చి కొంత తెలిసికొనవలెను. తూటా యనగా మందు నింపిన ఇత్తడి గొట్టమును, దాని కొనయందు బిగించిన గుండును కలిసిన వస్తువు. తుపాకి పేలినప్పుడు గొట్టము వెనుక నిలిచిపోవును. గుండు మాత్రము ముందునకు దూసికొనిపోవును. పూర్వము నల్లమందుతో పేల్చు తుపాకులలో ఒట్టి సీసపు గుండ్లు చాలియుండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర పొగరాని మందు వచ్చినది. గుండు వేగము ఎంతయో పెరిగినది. ఆ వేగమునకు మెత్తని సీసము గొట్టములోపల రాచుకొని అంటుకొనిపోవుచుండుటచే సీసముపై రాగివంటి లోహపు తొడుగు వేయ నారంభించిరి. చిక్కంతయు ఆ తొడుగుతోనే మొదలైనది.

తొడుగు ముక్కువరకు మూసియున్న గుండును గట్టి గుండనవచ్చును. అది దేనికి తగిలినను రూపు మారక సూటిగా లోనికి చొచ్చుకొనిపోవును. ముక్కు వద్ద తొడుగు లేక సీసము పైకి కనబడుచుండునది మెత్తని గుండు. అది మాంసమున తగిలినంతనే ముక్కు చదునై పుట్టగొడుగువలె విచ్చుకొని, తన బలమునంతను మృగముయొక్క దేహముననే ఖర్చుచేయును. ఈ రెండింటిలో ఏది మంచిది? ఇది మృగమును బట్టి చెప్పవలసిన మాట.

ఏనుగు తల చూచుటకు పెద్దది. దానిలో మెదడున్న చోటు చిన్నది, వెనుకకు ఉన్నది. దానికి ముందు భాగమంతయు తేనెపట్టువలె గదులు గదులుగా నున్న మందమైన ఎముక. మెత్తని గుండు ఆ యెముకలో విచ్చుకొని నడుమనే నిలిచిపోవును. ఏనుగు చావదు; తలలో బాధతో, కోపముతో అడవిపట్టి తిరుగును. దానికి గట్టి గుండే కావలెను. అడవిదున్నకును ఎముకలు, కండలు బలిష్ఠములగుటచే లోతుగా దిగు గుండే ఆవశ్యకము. పులి అట్టిది కాదు. దాని చర్మము పలుచన, దేహము మెత్తన. గట్టి గుండు దబ్బనము గుచ్చినట్లు ఒకవైపున దూరి మరియొక వైపున వెడలిపోవచ్చును. అప్పుడు పులి గర్జించి, ఒక్క దూకులో పొదలలో అదృశ్యమగును. మెత్తని గుండు సరియైన చోట తగిలినచో అది అక్కడనే కూలును.

ఈ మెత్తని గుండును గూర్చి విచిత్రమైన విషయ మొకటి కలదు. కలకత్తా సమీపమునందలి డమ్‌డమ్ ఆయుధశాలలో 1890 తరువాతి సంవత్సరములలో ఇట్టి గుండ్లను యుద్ధమునకై చేసిరి. అవి చేయు గాయములు మిక్కిలి క్రూరములని 1899లో హేగ్ నగరమున చేరిన దేశముల సభలో యుద్ధములందు వాని వాడుకను నిషేధించిరి. మనుష్యునిపట్ల క్రూరమని త్రోసివేసిన గుండే పులివేటలో దయగలదైనది! శత్రుసైనికుడు గాయపడి యుద్ధమునుండి తొలగిన చాలును. పులి అట్లు తొలగదు. కుంటుకాలితో బ్రతికిన పులి ఏ దుప్పిని తరుమగలదు? మొదట మందలోని ఆవును పట్టును. పిదప ఆ మందను కాచువానిని పట్టును.

గొప్ప షికారీలు రెండు గొట్టముల ఖరీదైన ఇంగ్లీషు తుపాకులను నాలుగైదింటిని నౌకర్లచే మోయించుకొనుచు పోయెడివారు. ఏ మృగము కనబడిన దానికి తగిన తుపాకిని చేతికి తీసికొనెడివారు. జీతగానికి అది సాధ్యమా? ఆండర్సన్ ఎక్కువగా నమ్ముకొనినది అమెరికా దేశపు వించెస్టర్ కంపెనీవారి 1895 నమూనా తుపాకి, కొలత.405. క్రింది మీటను లాగి త్రోయగా తరువాతి తూటా గొట్టములోనికి చేరును. దాని గుండు 300 గ్రెయిన్ల బరువు. తులమునకు 180 గ్రెయిన్లు గనుక అది తులమున్నరకు పైమాట. సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగముతో పోవును. అమెరికా అధ్యక్షుడుగా నుండిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు పోయి సింహములను వేటాడినప్పుడు ఈ రకపు తుపాకినే వాడెను. ఆ కొలతకు మెత్తనివి, గట్టివి రెండు విధముల గుండ్లును దొరకెడివి. తుపాకిని మార్చుకొను వీలు లేనివానికి గుండు ఎన్నికయే మిగిలినది. బయలుదేరుటకు ముందే ఏ మృగముకొరకు పోవుచున్నది, దానిని ఎంత దూరమునుండి, వెలుగులోనా చీకటిలోనా కాల్చవలసివచ్చునది ఆలోచించుకొనవలెను. రాత్రివేళల గొట్టమునకు టార్చిలైటు బిగించుకొని, పులి చంపిన పశువు చెంత చెట్టుపై మంచె కట్టుకొని, దగ్గు రాకుండ, దోమను కూడ తోలకుండ ఆయన కూర్చుండెడివాడు. రాత్రియంతయు కాచియు, గురి నిశ్చయముగా కుదరనిచో పేల్చక దిగివచ్చుటయే మేలని ఎంచెడివాడు.

గాయపడిన మృగమువలన కలుగు కీడు ఎట్టిదో జవళగిరి ఆడపులి కథ తెలుపును. జవళగిరి అడవి హోసూరు, డెంకణికోట ప్రాంతమున నున్నది. ఇప్పుడు తమిళనాడులోనిదైనను ఆ సీమలో తెలుగు మాటలాడు జనము ఎక్కువ. అక్కడ ఒక మగపులిని కొందరు కాల్చి చంపిరి. జత కోల్పోయిన ఆడపులి రాత్రులు అరచుచు ఆ దారులనే తిరుగుచుండెను. వేటయందు అనుభవము చాలని యువకుడొకడు దానిపై తుపాకి పేల్చెను. గుండు భుజమున తగిలినది, పులి చావలేదు. అది మొదలు ఆ పులి అడవిదారిని పోవు మనుష్యులను పట్ట నారంభించెను. పశువుల కాపరులు, ప్రయాణికులు పెక్కుమంది దానికి బలియైరి. చీకటిపడక ముందే గ్రామముల తలుపులు మూతపడెను. ఆండర్సన్ పలుమారు ప్రయత్నించి విఫలుడయ్యెను. ఆయనకు ఒక విద్య తెలియును. మగపులి అరపును తన గొంతుతోనే అచ్చముగా అనుకరింపగలడు. ఒక సాయంకాలము ఆయన అట్లు అరవగా దూరమునుండి ఆడపులి బదులు పలికెను. అరపునకు అరపు. జత వచ్చినదని నమ్మి, ఆ పులి వడివడిగా దారివెంట ఎదురు వచ్చెను. అతి సమీపమునుండి ఆయన కాల్చిన గుండ్లకు అది నేలకొరిగినది. జనులు సంతసించిరి. ఆ విజయము ఆయనకు పూర్ణమైన సంతోషము నీయలేదు. మోసగించి పిలిచినందులకు ఆయన మనస్సు నొచ్చినది. దోషము మొదట ఎవరిదో ఆయన ఎరుగును.

ఇట్టి దోషము యువ షికారీలదే కాదు. చేనికాపలాకై నాటు తుపాకులలో మేకులు, సీసపు ముక్కలు కూరి పేల్చువారును, రాత్రివేళ మోటారుకారు దీపముల వెలుగులో మెరసిన కన్నులపై గుడ్డిగా కాల్చువారును ఎన్ని పులులను కుంటివానిని చేసిరో చెప్పజాలము. మరికొన్ని పులులు ముండ్లపంది ముండ్లు పాదములలో విరిగి చెడిపోయినవి. పులి పుట్టుకతో నరభక్షకము కాదని, ఏదో ఒక బాధయే దానిని అట్లు చేయునని ఆండర్సన్ తన గ్రంథములలో పదేపదే వ్రాసెను. ఉత్తరమున కుమావూ కొండలలో పులులను వేటాడిన జిమ్ కార్బెట్ కూడ ఈ యభిప్రాయమునకే వచ్చియుండెను.

ఆండర్సన్ పుట్టిన తెలుగునేలకు వేటనిమిత్తము పలుమారు వచ్చెను. నాటి చిత్తూరు జిల్లాలో శేషాచలపు కొండల నడుమ చామల లోయ కలదు. నాగపట్ల, పులిబోను మొదలైనవి ఆ ప్రాంతపు పేర్లు. ఆ లోయలో మనుష్యులను చంపుచు తిరిగిన పెద్దపులిని గూర్చి ఆయన తన మొదటి గ్రంథముననే వ్రాసెను. వెదురు కొట్టి బ్రతుకువారికి అడవికి పోకున్న పూట గడవదు, పోయిన ప్రాణభయము. మామండూరు అడవులు ఆయనకు మిక్కిలి ఇష్టమైనవి. నల్లమలలో గిద్దలూరు, నంద్యాలల నడుమ రైలుదారిపై నున్న దిగువమెట్ట పేరును ఆయన కథలవలన దూరదేశములవారు కూడ విని యుండిరి.

1939 మొదలు 1966 వరకు గల ప్రభుత్వపు లెక్కల ప్రకారము ఆయన చంపిన నరభక్షకములు చిరుతలు ఎనిమిది, పెద్దపులులు ఏడు. వందలకొలది పులులను చంపితిమని చెప్పుకొనిన రాజులముందు ఈ సంఖ్య అల్పము. యౌవనమున ఆయనయు వేడుకకై వేటాడినవాడే. దానిని దాచవలసిన పనిలేదు. కాని అడుగుజాడలు చూచుట, ఆకు కదలికను బట్టి మృగమును పసికట్టుట మొదలైన విద్యలను బైరడనెడి పూజారి తెగవానివంటి అడవి జనుల చెంత శిష్యునివలె కూర్చుండి నేర్చుకొనెను. తన గ్రంథములలో వారి పేర్లను గౌరవముతో ప్రకటించెను. అట్లు చేసిన దొరలు ఎందరో లేరు.

వయస్సు మీరినకొలది ఆయన చేతినుండి తుపాకి జారి కెమెరా వచ్చినది. అడవులు నరకబడుట, మృగములు తరుగుట ఆయన కండ్లముందే జరిగెను. మొదటి గ్రంథము 1954లో వెలువడినది మొదలు ప్రతి రెండు మూడేండ్లకు ఒక గ్రంథము వ్రాయుచు, వేటకంటె అడవిని కాపాడుటను గూర్చియే ఎక్కువగా చెప్పసాగెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చినది. మరుసటి సంవత్సరమే పులుల రక్షణకై ప్రత్యేక ప్రణాళిక ప్రారంభమైనది. 1974 ఆగష్టు 30వ తేదీన ఆండర్సన్ బెంగుళూరునందు మరణించెను. ఆయన వ్రాసి యుంచిన మరియొక గ్రంథము 1976లో అచ్చయినది. శేషాచలపు అడవులలో కొంతభాగము 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయవనమైనది. మృగములను వేటాడుటకై ఏ గుండునైనను తీసికొని నేడు అచట ఎవరును అడుగు పెట్టరాదు.