చైనా చేరని వైద్య విద్యార్థి

మెడిసిన్ చదువుతున్న పిల్లల కోసం మన సంఘాల్లో ప్రార్థన విన్నపాలు చాలానే వస్తాయి. సీటు, పరీక్షలు, ఆపైన పి.జి. చదువయ్యాక ఎవరి మధ్యకు పంపుతావు ప్రభువా అని అడిగేవి మాత్రం తక్కువే. అందుకే ఈ వారం థామస్ జాన్ బర్నార్డో గారిని తలచుకుంటున్నాము.

ఆయన 1845లో డబ్లిన్‌లో పుట్టారు. 1862 ఉజ్జీవ దినాల్లో మారుమనస్సు పొందారు. చైనా మిషనరీ హడ్సన్ టేలర్ గారి ప్రసంగం విని తన్ను తాను ఆ దేశానికి సమర్పించుకున్నారు. 1866లో లండన్ చేరి, నగరం తూర్పు పేటల్లోని లండన్ హాస్పిటల్‌లో వైద్య విద్యార్థి అయ్యారు. ఆ ఏడే కలరా ఆ పేటల్లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. చదువుకుంటూనే ఆయన అక్కడి పేదపిల్లలకు ఉచిత బడి నడిపారు.

ఒక రాత్రి బడి మూసే వేళ జిమ్ జార్విస్ అనే కుర్రవాడు మంట దగ్గరనుండి కదలలేదు. ఇంటికి పొమ్మంటే ఇల్లు లేదన్నాడు, అమ్మానాన్నలు లేరన్నాడు. నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారా అని అడిగితే, అర్ధరాత్రి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఒక కప్పు మీద చలిలో ముడుచుకుని పడుకున్న పిల్లలను చూపించాడు. చైనా తలంపు ఆ ఒక్క రాత్రిలో పోలేదు గానీ, ఆ పిల్లలు కూడా ఆయన మనసులోనుండి పోలేదు.

1870లో స్టెప్నీలో బాలుర గృహం తెరిచారు. ఒక రాత్రి పడకలన్నీ నిండిపోయాయి. పదకొండేళ్ల జాన్ సోమర్స్ చోటిమ్మని బతిమాలాడు. ఎర్రజుట్టు కావడంతో వాణ్ణి అందరూ క్యారెట్స్ అనేవారు. తరువాత రమ్మని పంపేశారు. రెండు రోజులకు వాడు ఆకలికి, చలికి చనిపోయి కనబడ్డాడు. ఉన్న పడకలను బట్టి, ఉన్న డబ్బును బట్టి చేర్చుకోవడం తప్పని ఎవరంటారు? మన సంఘ కమిటీలైనా అలాగే తీర్మానిస్తాయి. బర్నార్డో గారు మాత్రం ఆ లెక్క మానేసి, దిక్కులేని ఏ బిడ్డనూ వెనక్కి పంపేది లేదని తలుపు దగ్గర రాయించారు. అప్పులు ఆయన్ను చివరిదాకా వదలలేదు.

ఆయన పొరపాట్లు కూడా చెప్పాలి. సేవకుల జీవితాల్లో ఇవి దాచడం మాకు సమ్మతం కాదు. పట్టా రాకముందే డాక్టర్ అనిపించుకున్నారు. 1876లో గాని ఎడిన్‌బరోలో అర్హత పొందలేదు. విరాళాల కోసం పిల్లల ఫొటోలను కల్పించి తీయించారని 1877లో మధ్యవర్తులు తప్పుపట్టారు, మిగతా ఆరోపణల్లో చాలావాటిని కొట్టివేశారు. కెనడాకు పంపిన పిల్లల్లో ఎందరో అక్కడ కష్టాలపాలయ్యారు.

1905 సెప్టెంబరు 19న ఆయన ప్రభువునందు నిద్రించేనాటికి 96 గృహాల్లో 8,500 మందికి పైగా పిల్లలున్నారు. చైనాకు ఆయన ఎన్నడూ వెళ్లలేదు.